కొండయూళ్ళకు చుట్టములై పోదము

శని, ఆదివారములకు ఒక పండుగ దినము తోడైనచో మైదాన పట్టణములలోని కుటుంబములు కొండల వైపు బయలుదేరుట ఈ కాలమున వాడుకయైనది. కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడు, సేలము ప్రాంతములలో తరతరములుగా నివసించుచున్న మన తెలుగు కుటుంబములును ఇందుకు వేరు కావు. వారమంతయు అంగడిలోనో, మగ్గము కడనో, మిల్లులోనో, పొలములోనో శ్రమించినవారికి రెండు దినముల చల్లగాలి అవసరమే. దానిని విలాసమని నిందింప బనిలేదు. అయితే ఎచటికి పోవుచున్నాము, ఏ తీరున పోవుచున్నాము, మనము పోయివచ్చిన పిదప ఆ ఊరికి మిగులుచున్నదేమి అను మూడు ప్రశ్నలను ఇపుడు మనము వేసికొనవలసియున్నది.

మనకు దాపుననున్న కొండలు నీలగిరులు. నీలగిరి యనగానే అందరి మనస్సు ఊటీ మీదికే పోవును. అందులో తప్పులేదు. 1848లో ఏర్పడిన అచటి వృక్షోద్యానము, దానికి ఎగువన 2,637 మీటర్ల ఎత్తున నిలిచిన దొడ్డబెట్ట శిఖరము చూడదగినవే. కాని ఎక్కువమంది చూచుచున్నదేమి? శనివారము సగము దినము వాహనముల వరుసలో గడచును. సరస్సు కడ ఒక గంట, తోటలో ఒక గంట, బజారులో ఒక గంట ముగించి, ఆదివారము సాయంకాలమునకు వెళ్ళిన నాటికంటె ఎక్కువ అలసటతో ఇల్లు చేరుదురు. విశ్రాంతికి పోయి శ్రమను కొనితెచ్చుకొనుట ఎట్టి వ్యాపారమో పాఠకులే ఆలోచింతురు గాక. మేము చెప్పునది ఒక్కటే. రెండు దినములకు పది చోట్లు వలదు. ఒక చిన్న ఊరు చాలును. అచట దిగి, అచటనే ఉండి, అచటి చుట్టమువలె మెలగి రావలెను.

అట్టి చిన్న ఊళ్ళు నీలగిరులలో ముఖ్యముగా రెండు గలవు. ఒకటి కూనూరు, రెండవది కోతగిరి. రెండును ఇంచుమించు ఆరువేల అడుగుల ఎత్తున నున్నవి. ఊటీ కంటె తగ్గున నుండుటచే చలి అంతగా బాధింపదు. వృద్ధులకును, పసిబిడ్డలకును ఇది మేలు.

కూనూరునకు పోవువారు వీలైనచో మేట్టుపాళయము నుండి కొండరైలులో పోవలెను. ఈ దారి 1899లో కూనూరు వరకును, 1908లో ఊటీ వరకును సాగినది. మొత్తము 46 కిలోమీటర్ల దారిలో 208 వంపులు, 16 సొరంగములు, 250 వంతెనలు గలవు. కల్లారు మొదలు కూనూరు వరకు పట్టాల నడుమ పండ్లుగల ఇనుప కడ్డీ పరచబడియున్నది. ఇంజనుకుగల పండ్ల చక్రము ఆ పండ్లను పట్టుకొని మెట్టుమెట్టుగా బండిని పైకి నెట్టును. 326 మీటర్ల ఎత్తున బయలుదేరిన బండి 2,203 మీటర్ల ఎత్తునకు చేరును. 2005లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వముల జాబితాలో చేర్చినది. ఊటీ వరకు పోవుటకు దాదాపు ఐదు గంటలు పట్టును. బస్సు అందులో సగము కాలములోనే చేర్చును. వర్తకుని లెక్కలో ఇది నష్టము. విడిదికి పోవువాని లెక్కలో ఇదియే లాభము. తాతలు, అవ్వలు, మనుమలు ఒక్క పెట్టెలో కూర్చుండి మాటలాడుకొను తీరిక ఈ కాలమున మరి ఎచట దొరకును? చోట్లు కొద్దిగా నుండును గావున ముందుగా పదిలపరచుకొనవలెను. వానకాలమున కొండచరియలు పడి బండి ఆగుటయు కలదు.

కూనూరు రెండంతస్తుల ఊరు. రైలు నిలయము, బస్సులు, బజారు దిగువన నున్నవి. పాత బంగళాలు, తోటలు ఎగువన నున్నవి. 1874లో ఏర్పడిన సిమ్స్ ఉద్యానము ఏటవాలుననే మెట్లుమెట్లుగా తీర్చబడినది. దాని చెంతనే 1907లో స్థాపింపబడిన పాస్టర్ సంస్థ గలదు. పిచ్చికుక్క కాటునకు మందు లేక జనులు అల్లాడు దినములలో ఆ సంస్థ దక్షిణదేశమునకు చేసిన ఉపకారము గొప్పది. పిల్లలను తోటకు తీసికొనిపోవువారు ఆ భవనమును చూపి ఈ మాట కూడ చెప్పవలెను. కొండ అంచున నుండు లాంబ్స్ రాక్, డాల్ఫిన్స్ నోస్ అను చోట్ల నుండి చూచినచో మన మైదానము కాళ్ళ క్రింద పటమువలె పరచుకొని కనబడును.

వ్యాపారమున నున్నవారికి కూనూరులో తెలిసికొనదగిన సంగతి మరియొకటి గలదు. ఇచట 1963 నుండి తేయాకు వేలములు జరుగుచున్నవి. నీలగిరులలో తేయాకు పండించువారందరు పెద్ద తోటల యజమానులు కారు. ఎకరము రెండెకరముల చిన్న రైతులు వేలకొలది గలరు. పచ్చి ఆకునకు తగిన ధర దొరకుటలేదని వారు ఏండ్ల తరబడి మొరపెట్టుకొనుచున్నారు. వారు కూడి నడుపుకొను సహకార కర్మాగారములును ఉన్నవి. రంగు కాగితముల పొట్లములు కట్టి దారి ప్రక్కన ఊరు పేరు తెలియని పొడిని అమ్ము దుకాణము కంటె, అట్టి సహకార కర్మాగారపు పొడిని కొనుట మేలు. కిలో రెండు కిలోలు ఎట్లును కొందుము. ఆ రూకలు పండించినవాని చేతికి చేరునట్లు కొనుటలోనే తెలివి గలదు.

కూనూరు నుండి సుమారు ఇరువది కిలోమీటర్ల దూరమున కోతగిరి యున్నది. ఇచటికి రైలు లేదు. ఆ లేమియే ఆ ఊరిని కొంత కాపాడినది. ఈ పేరు తెలుగు చెవికి కోటయో, కోతయో అని తోచును. నిజమునకు కోతరులను ఆదివాసి జాతివారి పేరు మీద ఊరికి ఈ పేరు వచ్చినది. వారు కుండలు చేయుటలో, కమ్మరపనిలో, వాద్యములలో నేర్పరులు. కోయంబత్తూరు కలెక్టరుగా నుండిన జాన్ సల్లివన్ 1819లో ఈ కొండలెక్కి కోతగిరి చెంతనున్న కన్నేరిముక్కులో ఇల్లు కట్టుకొనెను. ఊటీ అటుపిమ్మట వెలసినది. ఆ ఇల్లు బాగుచేయబడి నేడు చూచుటకు వీలుగా నున్నది. కోడనాడు కడ నిలిచి చూచినచో లోతున మోయారు లోయ కనబడును. అడవిజాతులవారు సేకరించిన తేనె కోతగిరిలో దొరకును.

ఇక మన సంఘమువారు ప్రత్యేకముగా గమనింపదగిన విషయము. ఈ కొండలలో సేద్యము చేయుచు పల్లెలు కట్టుకొనియున్న పెద్ద సమాజము బడగలది. బడగ యనగా ఉత్తరాదివాడని అర్థము. కొన్ని శతాబ్దముల క్రిందట మైసూరు సీమ నుండి వారి పూర్వులు వచ్చినందున ఆ పేరు కలిగినది. తమిళదేశమున మన పూర్వులను వడుగరని పిలిచిరి గదా! ఆ మాటకును అర్థము ఉత్తరాదివారనియే. బడగ, వడుగ అనునవి ఒక్క మాటకే రెండు ఉచ్చారణలు. కొండ మీద వారికిని, కొండ క్రింద మనకును ఇరుగుపొరుగువారు ఒకే పేరు పెట్టిరి. వారి సంఖ్య లక్షకు కొంచెము పైబడి మాత్రమే. సొంత లిపి వాడుకలో లేదు. బడిలో తమిళము, ఇంగ్లీషు. అయినను ఇంటిలో, పెండ్లిలో, హెత్తై పండుగలో తమ మాటనే మాటలాడుచున్నారు. లిపియు, సాహిత్యమును, వేయి సంవత్సరముల కావ్యములును గల మనము పిల్లలతో ఇంట తెలుగు మాటలాడుటకు వెనుదీయుచుండగా, వారిని చూచి నేర్చుకొనవలసినది లేదా? ఈ యొక్క సంగతి తెలిసి కొండ ఎక్కినవానికి అచటి జనులు వింతవస్తువులుగా కనబడరు. తోడి ప్రవాసులుగా కనబడుదురు.

చుట్టమువలె మెలగవలెనని మేము చెప్పుటకు మరియొక కారణము గలదు. నీలగిరులకు పోవు వాహనముల రద్దీ మితిమీరినందున మద్రాసు హైకోర్టు ఉత్తరువు మీద 2024 మే 7 మొదలు ఇ-పాస్ పద్ధతి అమలులోనికి వచ్చినది. 2025 ఏప్రిల్ నుండి జూన్ వరకు దినమునకు 6,000, వారాంతములలో 8,000 వాహనములకు మించి బయటివారివి పోరాదని పరిమితి విధింపబడినది. జీవనము దెబ్బతినునని అచటి వర్తకులు ఆ ఏప్రిలులో దుకాణములు మూసి తమ నిరసన తెలిపిరి.

వర్తకుల మొరలో న్యాయము లేకపోలేదు. రెండు నెలల గిరాకితో పండ్రెండు నెలలు బ్రతుకవలసిన అంగడివాని కష్టము ఆ వృత్తిలో నున్నవారికి తెలియును. కాని సరకు చెడిన అంగడికి గిరాకి ఎన్నాళ్ళు నిలుచును? కొండయే వారి సరకు. చల్లదనము, పచ్చదనము, నిశ్శబ్దము, వీనిని కొనుటకే జనులు వచ్చుచున్నారు. ఈ రెండు పక్షములకును పొత్తు కుదుర్చు ఉపాయము వచ్చువారి చేతిలోనే కలదని మా అభిప్రాయము. రావలసినవారు మనుష్యులు, వాహనములు కావు. ఏబదిమంది ఒక బస్సులో పోయినచో పది పండ్రెండు కారులు దారి నుండి తగ్గును, గిరాకి మాత్రము తగ్గదు. ఒక్క ఊరిలో రెండు రాత్రులుండువాడు నాలుగు ఊళ్ళు చుట్టి పరుగెత్తువాని కంటె చిన్న హోటలువానికి, పండ్ల అమ్మకపుదానికి, తినుబండారముల అంగడికి ఎక్కువ బేరమిచ్చును.

ఇది కేవలము కొండవారి క్షేమము కొరకే కాదు. పడమటి చరియల నీరు కుందా, భవాని నదుల మీదుగా పిల్లూరు జలాశయమున నిలిచి కోయంబత్తూరు ప్రజల దాహము తీర్చుచున్నది. కూనూరు ఏరు మేట్టుపాళయము చెంత భవానిలో కలిసి, 1955లో పూర్తియైన భవానిసాగరమునకు పోవును. ఆ జలాశయము క్రింద ఈరోడు సీమలో రెండు లక్షల ఎకరములకు పైగా సాగగుచున్నది. అందు మనవారి పొలములును గలవు. కొండ మీద మనము పారవేసిన సీసా, సంచి మన కాలువకే దిగి వచ్చును. 2009 నవంబరులో కుంభవృష్టికి నీలగిరి చరియలు విరిగిపడి నలుబదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వాన దైవికము. ఏటవాలును తొలిచి, నీటిదారులను మూసి కట్టడములు లేపుట మానుషము. మన గిరాకి ఎటు మొగ్గిన కట్టడములును అటే లేచును.

నీలగిరి చెట్టని మనము పిలుచు చెట్టు నిజమునకు ఆస్ట్రేలియా నుండి వచ్చినది. జలుబునకు దాని తైలము మంచిదే. కాని పచ్చికబయళ్ళను ఆక్రమించి నాటినందున కొండ ఊటలకు కీడు కలిగినది. ఒక ఊరి పేరు పొందుట వేరు, ఆ ఊరికి మేలు చేయుట వేరు. వలస వచ్చి స్థిరపడిన మనవంటివారికి ఈ భేదము ఒకరు చెప్పవలసినది కాదు.

కావున మన సంఘ శాఖలు విడిది యాత్రలు ఏర్పరచునపుడు ఈ క్రింది పద్ధతి పాటింపవలెనని కోరుచున్నాము. మే నెల రద్దీని విడిచి సెప్టెంబరులోనో, జనవరి ఫిబ్రవరులలోనో పోవలెను. అక్టోబరు నుండి డిసెంబరు వరకు కూనూరు, కోతగిరి వైపు ఈశాన్యపు వానలు పడును. రైలులోనో, ప్రభుత్వపు బస్సులోనో పోవుట ఉత్తమము. సొంత బండిలో పోవువారు అప్పటి ఇ-పాస్ నిబంధన తెలిసికొని బయలుదేరవలెను. మైసూరు వైపు నుండి వచ్చువారికి బందిపూరు అడవిదారి రాత్రి 9 గంటల నుండి ఉదయము 6 వరకు మూయబడియుండును. ప్లాస్టిక్ సంచులు, నీటి సీసాలు నీలగిరులలో నిషిద్ధము గావున ఇంటి మరచెంబు, గుడ్డసంచి తీసికొనిపోవలెను. దారిలో కోతులకు తిండి వేయరాదు. తేయాకు తోటలలో అడవిదున్నలు తిరుగును. చీకటి పడిన పిదప పిల్లలను ఒంటరిగా పంపరాదు. ఆదివాసుల గుడిసెలలోనికి పిలువక పోరాదు, అడుగక వారి చిత్రములు తీయరాదు.

ఇవి కష్టమైన పనులు కావు. మన ఇంటికి వచ్చిన చుట్టము ఎట్లు మెలగిన మనకు సంతోషమో అట్లు మెలగుటయే. చుట్టపుచూపునకు పోయినవాడు ఇల్లాలికి పని పెంచడు. ఇల్లు మురికి చేయడు. వట్టిచేతులతో పోడు, మరల రమ్మని అనిపించుకొనకుండ తిరిగిరాడు. రాబోవు సెప్టెంబరులో మన శాఖలలో ఒకటి రెండైనను ఈ విధముగా ఒక్క బస్సు, ఒక్క చిన్న ఊరు, రెండు రాత్రులు అను లెక్కన యాత్ర సాగించి, ఆ ఊరివారు మనలను గూర్చి ఏమనుకొనిరో ఈ పత్రికకు వ్రాయుదురు గాక. ఊరు ఎట్లున్నదో వ్రాయువారు చాలమంది గలరు. మనము ఆ ఊరికి ఎట్లుంటిమో కూడ తెలియుట మంచిది.