మీనా ఎంత దూరం వెళ్ళింది?

యద్దనపూడి సులోచనారాణి పేరెత్తగానే "కారున్న హీరో, కలల రాకుమారుడు" అని నవ్వేయడం మన విమర్శకి అలవాటు. ఆ నవ్వుతోనే నా పేచీ. ‘మీనా’ చదివి నవ్వుతున్నారా? ఇందులో హీరో ఉండేది పల్లెటూళ్ళో. డబ్బున్నది హీరోయిన్‌కి.

సరసాలెన్ని ఉన్నా అసలు పోరు తల్లీకూతుళ్ళది. ఆ తల్లి రాక్షసి కాదు. కూతురికి ఏది మంచిదో తనకే తెలుసనుకునే మనిషి. శత్రువుకి ఎదురు తిరగడం తేలిక. ప్రేమించే అమ్మకి "వద్దు" అని చెప్పడం ఎంత కష్టమో, ముప్పై దాటి, ఉద్యోగం చేసుకుంటూ కూడా ఫోన్లో "సరే అమ్మా" తప్ప మరో మాట రాని నాలాంటివాణ్ణి అడగండి.

అలాగని లోపం లేదనను. మీనా అమ్మ మాట దాటి చేరేది బావ దగ్గరికే. చుట్టరికం తెగదు, కులం మారదు. నవల అంత హాయిగా సాగేది అందుకే. 1973లో విజయనిర్మల దీన్ని సినిమాగా తీశారు. 2016లో ‘అ ఆ’ చూస్తున్నా నాకు మీనాయే గుర్తొచ్చింది. నలభై మూడేళ్ళయినా అమ్మాయి బావ దగ్గరే ఆగిపోతే, ఆ తప్పు యద్దనపూడిది కాదు. అంతకు మించి దాటితే నవ్వుతూ చూడలేని మనది.