అనుమతి పేరుతో రైతు పరిహారం ఆపొద్దు

మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట మెట్టల్లో పత్తి వేసినా మిర్చి వేసినా, విత్తనం మోసం చేస్తే ఆ ఏడు పోయినట్టే. కౌలు ఆగదు. వడ్డీ ఆగదు. ఆగేది ఒక్క పరిహారమే. ఎక్కడ ఆగుతుందో మనం తెలుసుకోవాలి.

ఉమ్మడి రాష్ట్రంలో జరిగిన కేసే చూద్దాం. జాతీయ విత్తన సంస్థ కేంద్ర ప్రభుత్వ కంపెనీ. అది ఇచ్చిన విత్తనం నాసిరకమని పలు జిల్లాల రైతులు వినియోగదారుల ఫోరాలకెక్కి గెలిచారు. సంస్థ రాష్ట్ర కమిషన్‌కు వెళ్లి ఓడింది. జాతీయ కమిషన్‌లోనూ ఓడింది. అప్పటి చట్టం ప్రకారం అక్కడితో అప్పీలు హక్కు అయిపోయింది. ఇక మిగిలింది రాజ్యాంగం 136వ అధికరణ కింద సుప్రీంకోర్టు ఇచ్చే ప్రత్యేక అనుమతి. అది హక్కు కాదు, కోర్టు విచక్షణ. సంస్థ ఆ తలుపూ తట్టింది.

దాని వాదనలేమిటి? విత్తనం పండించి తిరిగి సంస్థకే అమ్మేవాళ్లది వ్యాపారమట, వినియోగదారులు కారట! ఒప్పందంలో ఆర్బిట్రేషన్ ఉందట! విత్తనాన్ని ల్యాబ్‌లో పరీక్ష చేయించలేదట! కొన్న విత్తనమంతా చేలో చల్లిన రైతు నమూనా ఎక్కణ్ణుంచి తెస్తాడు? సుప్రీంకోర్టు ఈ వాదనలన్నీ తోసిపుచ్చింది. రైతు వినియోగదారుడేనని తేల్చింది. కానీ 2004లో నంబరు పడిన అప్పీలుకు తీర్పు వచ్చింది 2012 జనవరి 16న. ఏడేళ్లు దాటింది. ఢిల్లీ వకీలు ఫీజు కంపెనీకి ఖాతాలో ఒక పద్దు. రైతుకు అది ఎకరం పెట్టుబడి.

అప్పీలుకు మేం వ్యతిరేకం కాదు. రేపు మనం ఓడితే మనమూ అదే తలుపు తట్టాలి. మా అభ్యంతరం అప్పీలును రైతును అలసగొట్టే ఆయుధంగా వాడటం మీదే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా తీర్పుపై రాష్ట్ర కమిషన్‌కు వెళ్లేవారు సగం సొమ్ము ముందే కట్టాలి. 136వ అధికరణ కింద వెళ్లేటప్పుడు అలాంటి షరతు చట్టంలో లేదు. కోర్టు పెడితేనే ఉంటుంది.

అందుకే మేం డిమాండ్ చేస్తున్నాం: విత్తన కేసుల్లో అనుమతి కోరే కంపెనీ మొత్తం పరిహారం డిపాజిట్ చేయాలి. అందులో సగం వెంటనే రైతు చేతికివ్వాలి. మూడు చోట్ల ఓడిన ప్రభుత్వ సంస్థ నాలుగో చోటికి ఎందుకు వెళ్తోందో, ఎంత ఖర్చు పెడుతోందో ప్రజలకు చెప్పాలి.

రైతు సోదరులారా, అప్పీలు వేసినంత మాత్రాన స్టే వచ్చినట్టు కాదు. గెలిచిన వెంటనే తీర్పు అమలుకు పిటిషన్ వేయండి. మన మాట వినకుండా స్టే ఇవ్వకుండా పైకోర్టులో కేవియట్ వేయించండి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. చట్టం మినహాయించిన మరికొన్ని వర్గాలు తప్ప మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. బిల్లు, సంచి, ట్యాగు పారేయొద్దు. చేను దెబ్బతినగానే మండల వ్యవసాయ అధికారికి రాసిచ్చి, తనిఖీ నివేదిక తీసుకోండి.

ఒంటరి రైతును ఏడేళ్లు తిప్పగలరు. సంఘంగా నిలబడితే తిప్పలేరు.