పొలంలో యువకుడు నిలవాలంటే...

పంట పండించడాన్ని ఇస్లాం కేవలం బ్రతుకుదెరువుగా చూడలేదు. ఒక విశ్వాసి నాటిన మొక్క నుండి గానీ, వేసిన పైరు నుండి గానీ మనిషి, పక్షి, పశువు ఏది తిన్నా అది అతని పక్షాన దానమవుతుందని దైవప్రవక్త ముహమ్మద్ (స) శుభవార్త ఇచ్చారు. ఇంతటి గౌరవం గల వృత్తిని నేడు మన యువకులు వదిలిపోతున్నారు. వ్యవసాయం చేసే వరునికి పిల్లనివ్వడానికి తల్లిదండ్రులు వెనుకాడుతున్నారు. దీనికి కారణం యువకుల బద్ధకం కాదు, సేద్యంలో లెక్క కుదరకపోవడం.

రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరులో వెలువరించిన అధ్యయన పత్రాల ప్రకారం, టమాటాకు మనం చెల్లించే రూపాయిలో రైతుకు దక్కేది సుమారు 33 పైసలు. ఉల్లికి 36, బంగాళాదుంపకు 37 పైసలు. మిగిలినదంతా దళారీ లాభమేనని అనుకోవడం కూడా న్యాయం కాదు. రవాణా, హమాలీ ఖర్చులు, కుళ్ళిపోయే సరుకు నష్టం అందులోనే ఉన్నాయి. నిజాయితీ గల వర్తకునికి ఇస్లాం ఉన్నత స్థానం ఇచ్చింది. అది ఖండించేది మోసాన్ని.

ధాన్యంలో ‘తరుగు’, చీనీకాయల్లో ‘సూట్’ అంటూ తూకంలో అదనంగా కోసుకోవడం మన మార్కెట్లలో ఆచారమైపోయింది. తూనికల్లో మోసం చేసేవారిని ‘అల్ ముతఫ్ఫిఫీన్’ సూరా ఆరంభంలోనే దివ్య ఖుర్ఆన్ తీవ్రంగా హెచ్చరించింది. మద్యన్ ప్రజలకు హజ్రత్ షుఐబ్ (అ) చేసిన హితబోధలోనూ ఏకదైవారాధన వెంటనే వచ్చేది తూకం మాటే. మామిడి తోటలను పూత దశలోనే అమ్మేయడం మన ప్రాంతంలో మామూలు విషయం. పండు పక్వానికి వచ్చే సూచనలు కనిపించక ముందు దాన్ని అమ్మవద్దని ప్రవక్త (స) వారించారు. సరుకుతో వచ్చే బిడారుకు ఎదురెళ్ళి, సంతలోని ధర తెలియకుండా కొనేయడాన్నీ నిషేధించారు. అలా అమ్మినవాడు సంతకు చేరి అసలు ధర తెలుసుకుంటే, ఆ బేరాన్ని రద్దు చేసుకునే హక్కు అతనికి ఉంటుంది. ధర తెలుసుకోవడం రైతు హక్కు అని దీని భావం.

ఇక ప్రభుత్వ సాయం. పీఎం కిసాన్ ఏటా ఇచ్చే 6,000 రూపాయలు భూమి గల కుటుంబాలకే. తెలంగాణ రైతు భరోసాకూ పట్టాదారు పాసుపుస్తకమే ఆధారం. తండ్రి పేరిట ఉన్న పొలాన్నో, కౌలు పొలాన్నో దున్నే యువకుడు ఈ లెక్కల్లో కనిపించడు. ఆంధ్రప్రదేశ్ 2019లో సాగుదారు హక్కుల చట్టం తెచ్చినా, యజమాని సంతకం లేనిదే కార్డు రాదు. ఐరోపా సమాఖ్యలో ప్రత్యక్ష సాయం నిధుల్లో కనీసం 3 శాతానికి సమానమైన మొత్తాన్ని యువరైతుల కోసం ప్రత్యేకించాలన్న నియమం 2023 నుండి అమలులో ఉంది. సాయం పట్టాను కాక సాగును చూసి రావాలని మనమూ అడగాలి. 1999లో మొదలైన రైతు బజార్ల వంటి నేరు అమ్మకాలు, శీతల గిడ్డంగులు పెరగాలని కోరాలి.

ప్రభుత్వం చేసేవరకు ఆగకుండా మనం చేయగలిగినవి ఉన్నాయి. పొలం కౌలుకిచ్చినవారు వ్రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. లావాదేవీలను వ్రాసుకోమని ఖుర్ఆన్ ఆదేశించింది కదా! సాగు చేసే కొడుకుతోనూ తండ్రి సాగు ఒప్పందం వ్రాసుకోవచ్చు. అయితే ఆ సాకుతో పొలమంతా అతనికే రాసిచ్చి కుమార్తెల వాటాకు గండి కొట్టరాదు. అప్పిచ్చిన వ్యాపారికే పంట అమ్మాల్సిన దుస్థితి రాకుండా, విత్తనాల వేళ బైతుల్‌మాల్ ద్వారా వడ్డీ లేని రుణం అందించాలి. కోత రోజునే పంట హక్కు చెల్లించాలి. వర్షాధార పంటలో పదో వంతు, శ్రమించి నీరు పెట్టిన పంటలో ఇరవయ్యో వంతు ఉష్ర్ తీయాలి. పెద్ద దుకాణంలో మారుమాటాడక చెల్లించే మనం, గంప ముందు కూర్చున్న రైతు వద్ద రెండు రూపాయలకు పేచీ పెట్టరాదు.

మన కంచంలోని ప్రతి మెతుకు వెనుక ఒకరి హక్కు ఉంది. ఆ హక్కును గుర్తించి చెల్లించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.