కాలువ గట్టు ఎవరిది?

త్రోవ యనునది విచిత్రమైన ఆస్తి. పొలమును రెండుగా చీల్చినను రెండును పొలములే యగును. ఇంటిని పంచుకొన్నను ఎవరి గది వారికి దక్కును. కాని నూరు మైళ్ల త్రోవలో నడుమ పది గజములను ఒకడు కలుపుకొన్నచో అది రెండు చిన్న త్రోవలుగా మిగులదు. ఎచ్చటికిని పోని రెండు సందులుగా మారిపోవును. గట్ల తగాదాలను, డొంకల వ్యాజ్యములను నిత్యమును చూచు న్యాయవాద వృత్తిలో నుండుటచేత ఈ సంగతి మాకు క్రొత్తది కాదు. ఒకసారి ముక్కలైన త్రోవను మరల అతుకుట మిక్కిలి కష్టము. మన డెల్టా కాలువల గట్లను గూర్చి నేడు మేము వ్రాయబూనుటకు కారణమిదియే.

ఈ విషయమున అమెరికా వారి యనుభవము మనకొక పాఠముగా నున్నది. పోటోమాక్ నది యొడ్డున వాషింగ్టన్ నగరము మొదలు కంబర్లాండ్ అను ఊరి వరకు 184 మైళ్లకు పైబడిన కాలువ యొకటి కలదు. చెసపీక్–ఓహైయో కాలువ యని దాని పేరు. 1828లో త్రవ్వకము మొదలై 1850లో కంబర్లాండ్ చేరినది. దానిపై 74 లాకులున్నవి. కంచరగాడిదలు గట్టుమీద నడచుచు త్రాళ్లతో పడవలను లాగెడివి. రైలుబండితో పోటీకి నిలువలేక, వరదల తాకిడికి ఓర్వలేక 1924లో ఆ కాలువపై పడవలు ఆగిపోయినవి. 1938లో కేంద్ర ప్రభుత్వము దానిని కొనినది. పిమ్మట దాని వెంబడి మోటారు రోడ్డు వేయవలెనను ప్రతిపాదన బయలుదేరినది. 1954 జనవరిలో వాషింగ్టన్ పోస్టు పత్రిక తన సంపాదకీయమున ఆ రోడ్డును బలపరచినది.

అప్పుడు అమెరికా సుప్రీం కోర్టు న్యాయమూర్తులలో నొకరైన విలియం డగ్లస్ ఆ పత్రికకు లేఖ వ్రాసి, సంపాదకుని తనతో కూడ ఆ గట్టు పొడవునను నడచి చూడుమని పిలిచెను. ఆ పత్రికవారు పిలుపు నందుకొనిరి. మార్చి నెలలో కంబర్లాండ్‌నుండి బయలుదేరిన ఆ నడక ఎనిమిది దినములు సాగెను. పలువురు తోడు నడచినను మొదటినుండి తుదివరకు నడచినవారు న్యాయమూర్తితో కలిపి తొమ్మండుగురే. అయినను ఫలితము కలిగెను. పత్రిక తన యభిప్రాయమును మార్చుకొనెను. రోడ్డు ప్రతిపాదన వెనుకబడెను. 1971లో ఆ కాలువయు గట్టును జాతీయ చారిత్రక ఉద్యానముగా శాసనబద్ధమైనవి. సంపాదకీయములు వ్రాయువారు తాము వ్రాయు నేలమీద కాలుమోపి చూడవలెనను నీతి కూడ ఇందు కలదు. దానిని మేమును శిరసావహించుచున్నాము.

కంబర్లాండ్‌తో ఈ కథ ముగియలేదు. అచ్చటినుండి పిట్స్‌బర్గ్ వరకు 150 మైళ్ల పొడవున మూతపడిన రైలు మార్గములపై గ్రేట్ అలెగెనీ బాట వెలసినది. 1986లో ఒహైయోపైల్ అను చిన్న ఊరి వద్ద కొన్ని మైళ్ల ముక్కగా అది తెరువబడెను. ముక్క వెంట ముక్క కలిసి 2013 నాటికి పిట్స్‌బర్గ్ నడిబొడ్డున ముగిసినది. నేడు సైకిలుమీద నొకడు పిట్స్‌బర్గ్‌లో బయలుదేరి, సుమారు 335 మైళ్లు మోటారు బండ్ల రొద లేని త్రోవను పట్టి వాషింగ్టన్ చేరవచ్చును. రాజధాని చుట్టుపట్ల నివసించు మన తెలుగు కుటుంబములకును ఆ గట్టు అందుబాటులోనే యున్నది.

ఆ ప్రయాణము వీరులకు మాత్రమే తగినదని తలంపరాదు. ఇందలి కిటుకు చాల సులభము. రైలు ఇంజను నిట్టనిలువు ఎక్కలేదు. కావున రైలుమార్గమును వేసినవారు కొండలను తొలిచి, లోయలపై వంతెనలు కట్టి, నూరడుగులు ముందుకు పోయినచో అడుగో, రెండడుగులో మాత్రమే ఎత్తు పెరుగునట్లు ఏర్పరచిరి. కాలువ గట్టు అంతకన్నను చదును; నీరు లాకుకును లాకుకును నడుమ సమముగా నిలువవలెను గదా! ఇనుప గుఱ్ఱము కొరకును, కంచరగాడిద కొరకును చేసిన ఆ చదును నేడు సైకిలు తొక్కు సామాన్యునికి వరమైనది. అరువదేండ్ల వృద్ధుడును, పదేండ్ల బాలికయు తొందరపడక గంటకు ఎనిమిది మైళ్ల చొప్పున పోయినను దినమునకు ముప్పది మైళ్లు సాగవచ్చును. సాయంకాలము ఒక ఊర దిగవచ్చును. రైలు పోయి, గనులు మూతపడి చిన్నబోయిన పల్లెపట్టులలో ఈ బాటసారుల మూలమున పూటకూటి యిండ్లును, విడుదులును, సైకిలు మరమ్మతు దుకాణములును నిలిచినవి.

అయితే ఆ త్రోవలు దక్కుట కేవలము అదృష్టము కాదు, శాసనబలము. అమెరికాలో 1920 నాటికి 272,000 మైళ్లుగా నున్న రైలుమార్గము 1990 నాటికి సుమారు 141,000 మైళ్లకు తగ్గినట్లు అచ్చటి సుప్రీం కోర్టు తన తీర్పులోనే వ్రాసినది. పట్టాలు లేచిపోయినచో భూమి ప్రక్క రైతులకు ముక్కలు ముక్కలుగా పోవును. అందుచేత 1983లో వారి కాంగ్రెసు ఒక సవరణ చేసెను. రైలు నిలిచిపోయినను మార్గము రద్దు కాలేదనియు, భవిష్యత్తులో మరల రైలు అవసరమగునేమో యని దానిని నిలువయుంచి, అంతవరకు నడకకును సైకిలుకును వాడుకొనవచ్చుననియు ఆ సవరణ సారాంశము. వర్మాంట్ రాష్ట్రమున కొందరు భూస్వాములు దీనిని సవాలు చేయగా 1990లో సుప్రీం కోర్టు శాసనము చెల్లునని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. కాని భూమి హక్కుదారుడు ప్రభుత్వముపై పరిహారమునకు దావా వేసికొను మార్గము మూసివేయబడలేదని కూడ చెప్పెను. ప్రజల త్రోవ న్యాయమైనదే. దాని మూల్యమును ఒక్కని నెత్తిన మోపుట న్యాయము కాదు. ఈ రెండు వాక్యములను కలిపి చదువవలెను.

ఇక మన సంగతి. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట గోదావరి డెల్టాలోను, తరువాత కృష్ణా డెల్టాలోను కాలువలు సాగుకు మాత్రమే గాక పడవలకును త్రోవలైనవి. పెదగంజాము నుండి దక్షిణముగా నెల్లూరు తీరము మీదుగా మద్రాసు దాటి పోవు బకింగ్‌హాం కాలువ వాటికి తోడైనది. దాని పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందులో సగమునకు పైగా ఆంధ్రదేశముననే యున్నది. 1876–78 నాటి క్షామమున ఆకలిగొన్న కూలీలు తట్టలతో మన్ను మోసి త్రవ్విన భాగములు అందు కలవు. ఆ గట్లమీద పడవవారు నడుమునకు త్రాడు కట్టుకొని, వంగి నడచుచు, ధాన్యపు పడవలను ఊరూరికి లాగుచుండిరని మా పెద్దలు చెప్పగా వినియున్నాము. అమెరికాలో పశువు చేసిన పనిని ఇచ్చట మనుష్యుడు చేసెను. అతని పాదములు త్రొక్కి గట్టిపరచిన త్రోవ యది. దానిమీద ప్రజలకున్న హక్కునకు ఇంతకంటె పెద్ద దస్తావేజు మేమెరుగము.

లారీలు వచ్చినవి, పడవలు పోయినవి. గట్టు కొన్నిచోట్ల మోటారు రోడ్డైనది. కొన్నిచోట్ల తుమ్మచెట్ల పాలైనది. కొన్నిచోట్ల ఇండ్లు వెలసినవి. కొన్నిచోట్ల ప్రక్క చేనువాడు ఏటికొక మూర చొప్పున లోపలికి జరుపుకొనుచున్నాడు. 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, గోదావరి కృష్ణా నదులలోని భాగములను కలిపి నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. నీటికి పేరు పెట్టిరి, మంచిదే. నీటి ప్రక్కనున్న త్రోవకు మాత్రము పేరు లేదు, దిక్కు లేదు.

సైకిలు బాటలు మన దేశమునకు పొసగవని యనువారికి హైదరాబాదే సమాధానము. 2023 అక్టోబరు 1వ తేదీన అచ్చటి బాహ్యవలయ రహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట తెరువబడినది. దానిపై కప్పు వేసి, ఆ కప్పుమీద సూర్యరశ్మినుండి 16 మెగావాట్ల విద్యుత్తు పుట్టించు పలకలు అమర్చిరి. ఎండదేశమునకు తగిన యుక్తి యది, మెచ్చుకొనవలసినదే. కాని అది మహానగరపు వ్యాయామశాల వంటిది. బయలుదేరినవాడు మరల బయలుదేరిన చోటికే చేరును. మేము కోరునది ఊరినుండి ఊరికి పోవు త్రోవ. దానిమీద ఉదయము బడికి పోవు బాలికయు, బిందెలు కట్టుకొని పాలు పోయబోవు పాడిరైతును, సెలవుదినమున నాలుగు లాకులు చూచి రాదలచిన గుమాస్తాయు, పాదచారియు ఒకరికొకరు అడ్డము కాక పోగలరు. సైకిలు మన దేశమున పేదవాని వాహనము; విహారమునకు బాట యేల యని కొందరు నవ్వుదురు. పేదవాని వాహనమైనందుననే బాట కావలెను. లారీ చక్రమునకును మురుగు కాలువకును నడుమ నొదిగి పోవుచున్న ఆ సైకిలువానిని చూచినవారెవ్వరును నవ్వరు.

ఇక గట్టున గుడిసె వేసికొన్న నిరుపేద యొకడున్నాడు. బాట పేరిట బుల్డోజరు వచ్చునేని మొదట కూలునది వాని గోడయే. పెద్దవాని చేపల చెరువు కట్ట కాదు. ఇట్టి బాటను మేము కోరము. 1985లో బొంబాయి కాలిబాటల నివాసుల వ్యాజ్యమున మన సుప్రీం కోర్టు జీవనోపాధి జీవించు హక్కులో భాగమని తేల్చెను. కాలిబాటపై నివసించు హక్కు ఎవరికిని లేదనియు, అయినను సహేతుకమైన పద్ధతి ననుసరింపక ఎవరిని తొలగింపరాదనియు అదే తీర్పు చెప్పుచున్నది. కావున ముందు ఇల్లు, తరువాత బాట. ఇల్లు చూపలేని చోట బాట గుడిసెను చుట్టి పోవలెను. పలుకుబడి గలవాని ఆక్రమణ విషయమున మాత్రము ఈ మర్యాద అక్కరలేదు; వానికి ఇల్లు వేరుగా నున్నది.

మేము కోరునది కోట్ల పథకము కాదు. మొదట గట్ల సర్వే జరిపి, హద్దురాళ్లు పాతి, ఎచ్చట అతుకు తెగెనో తెలుపు పటమును ప్రతి గ్రామ సచివాలయమునందు గోడకు వ్రేలాడదీయవలెను. గట్టు భూమిని ఎవరికిని పట్టాగా ఇయ్యరాదనియు, కౌలుకు సైతము విడదీయరాదనియు ఉత్తరువు పుట్టవలెను. పిదప, మోటారు రోడ్డు పడని చోట, రెండు లాకుల నడుమనున్న ఒక్క భాగమును తీసికొని కంకరయు ఎఱ్ఱమట్టియు వేసి చదును చేయవలెను. మోటారు బండ్లు దూరకుండ రెండు కొసల రాళ్లు పాతవలెను. కాలువ పూడిక తీయు యంత్రమునకును, రైతు ఎడ్లబండికిని దారి విడువవలెను. చెట్లు నాటవలెను, వేసవిలో చలివేంద్రము పెట్టవలెను. అమెరికావారి 150 మైళ్లును కొన్ని మైళ్లతోనే మొదలైనవి. నడుమ ఇరువదియేడేండ్లు గడచినవి. మనకును కాలము పట్టవచ్చును. కాని హద్దురాయికి కాలము లేదు. ఈ యేడు పాతని రాయి వచ్చే యేడు మూర వెనుకకు పాతవలసి వచ్చును.

పాఠక మహాశయులకు మా మనవి యొకటి. మీ ఊరి గట్టుమీద ఒక ఆదివారము ప్రొద్దుట సైకిలుతోనో, కాలినడకనో బయలుదేరి, పై లాకు వరకు పోయి రండు. ఎచ్చట దిగవలసి వచ్చెనో, ఎవరి కంచె అడ్డము వచ్చెనో వ్రాసికొనుడు. పదిమంది ఊరివారి చేవ్రాళ్లతో దానిని కలెక్టరుగారికి పంపుడు. ఒక న్యాయమూర్తి నడకచేత అచ్చట ఒక గట్టు దక్కినది. ఇచ్చట త్రాడు లాగిన మన తాతల అడుగులు ఇదివరకే పడియున్నవి. వాటివెంట నడచుటయే మనకు మిగిలిన పని.