సొత్తు వెంట ఋణము



మొన్న నేను బియ్యము చెరుగుచుండగా పొరుగింటి చెల్లెలు వచ్చి ఒక మాట అడిగినది. దోమలపెంట సొరంగము త్రవ్విన కంపెనీ అన్యుల చేతిలోనికి పోవుచున్నదట. మరి లోపల బురదలో మునిగినవారి భారము క్రొత్త యజమానిదా, పాతవానిదా అని. చేట చేతబట్టి చెప్పదగిన సమాధానము కాదది.

మా నాగర్‌కర్నూలు జిల్లాలో, నల్లమల నడుమ, శ్రీశైలము ఎడమగట్టు కాలువకై త్రవ్వుచున్న సొరంగము సుమారు 44 కిలోమీటర్లు. 2025 ఫిబ్రవరి 22వ తేదీ ఉదయము, ముఖద్వారమునుండి దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలి, ఎనిమిదిమంది చిక్కుకొనిరి. అందరును పరరాష్ట్రములవారే, నలుగురు జార్ఖండువారు. సైనికులును, సింగరేణి గనివారును ఎంత శ్రమించినను రెండు దేహములే లభించెను. ఏప్రిల్‌లో వెదకుట నిలిపివేయునప్పటికి తక్కిన ఆరుగురు లోపలనే యుండిరి. దేహము కానరాని ఇంట కర్మ చేయుట యెట్లో, చదువు పెద్దలకు వదలుచున్నాను.

మొదటి దేహము దొరికినప్పుడు ఆ కుటుంబమునకు ప్రభుత్వము 25 లక్షలు ప్రకటించెను. అది ప్రజల ధనము. పని చేయించినది జయప్రకాశ్ అసోసియేట్స్. ఆ సంస్థ అప్పులు తీర్పలేక 2024 జూన్‌లోనే దివాలా విచారణలోనికి పోయెను. 2025 నవంబరులో ఋణదాతల సంఘము అదానీ ఎంటర్‌ప్రైజెస్ వారి ప్రణాళికను ఆమోదించెను.

చిన్ననాట మా తండ్రిగారు నాకు యాజ్ఞవల్క్యస్మృతి చెప్పిరి. మృతుడు విడిచిన సొత్తును ఎవడు గైకొనునో వాడే ఆతని ఋణమును తీర్పవలెనని అందున్నది. పొలము కావలెను, పొలముమీది అప్పు వలదు అనుటకు వీలులేదు. 1923 నాటి కార్మిక పరిహార చట్టమునకు పిమ్మట చేర్చబడి, 2025 నవంబరు వరకు అమలులోనుండిన ఒక విధియు ఇట్టిదే: పరిహారము చెల్లింపక యజమాని ఆస్తిని అన్యులకు మార్చినచో, ఆ స్థిరాస్తిపై పరిహారమే మొదటి భారము.

దివాలా చట్టపు దారి వేఱు. 2020లో చేర్చిన విధి ప్రకారము, విచారణ ఆరంభమునకు పూర్వము జరిగిన నేరములకు, యాజమాన్యము నిజముగా మారినచో, సంస్థపై అభియోగముండదు. చేసిన మనుష్యులు మాత్రము తప్పించుకొనరాదు. మునిగిన సంస్థను కొనుటకు ఎవరైన ముందుకు రావలెనుగదా యని మా వారి వాదము. అది కేవలము త్రోసివేయదగినది కాదు. అయినను అప్పిచ్చిన బ్యాంకి లెక్కకు, కూలికి వచ్చి కూలిన గుట్ట క్రింద పడినవాని లెక్కకు భేదమున్నదని నా మనవి.

భోపాలు చూడుడు. 1984లో విషవాయువు వెలువడినది యూనియన్ కార్బైడు కర్మాగారమునుండి. 1989లో 47 కోట్ల డాలర్లకు ఒడంబడిక. 1994లో భారతీయ శాఖను అమ్మివేసిరి. 2001లో అమెరికా సంస్థను డౌ కెమికల్ కొని, కర్మాగారమును తాము నడుపలేదు గనుక భారము తమది కాదనెను. అధిక పరిహారము కోరిన కేంద్రము మనవిని 2023 మార్చిలో సుప్రీంకోర్టు త్రోసిపుచ్చెను. అక్కడ మిగిలిన 337 టన్నుల విషవ్యర్థమును 2025 జనవరిలో తరలించినది ప్రభుత్వమే!

ఇక మన సొరంగమునకు వత్తము. ప్రమాదము విచారణ ఆరంభమైన ఎనిమిది మాసములకు జరిగినది. పూర్వపు నేరములకు చెప్పిన మినహాయింపు దీనికి అక్షరార్థమున చెల్లదు. అప్పటికి సంస్థ న్యాయస్థానము నియమించిన అధికారి చేతిలోనున్నది. చెల్లెలితో ఇంతవరకు చెప్పగా, ఆమె చేట తాను పుచ్చుకొని, ‘అయిన ఆ ఆరిండ్ల ఆడువారికి ఇదంతయు ఎవరు చదివి చెప్పుదురు, అక్కా?’ అని అడిగినది.