మరలు కాదు, ఎముకే అతకాలి

బస్తర్‌లో సల్ఫీ చెట్టు ఉందంటే ఆ ఇంటికి ఆస్తి ఉన్నట్టే. మన ఏజెన్సీలో జీలుగ అనేది దాన్నే. కల్లు దించడానికి అంతెత్తు ఎక్కినవాడు కాలు జారితే ఎక్కువగా దెబ్బతినేది వీపు, నడుము కలిసేచోటి వెన్నుపూసలు. నలిగిన పూస ముక్క వెన్నుపామును నొక్కితే కాళ్లు చచ్చుబడతాయి. అప్పుడు మంచం మీద మోసుకుంటూ రోడ్డు దాకా, అక్కడినుంచి జగదల్‌పూర్‌కు, అవసరమైతే మరో 300 కిలోమీటర్లు రాయ్‌పూర్‌కు. దక్షిణాన కోంట వాసులకైతే భద్రాచలమే దగ్గర.

అక్కడ వినిపించే మాట స్పైనల్ ఫ్యూజన్. నలిగిన పూసకు పైనా కిందా ఉన్న పూసల్లో టైటానియం మరలు దించి, కడ్డీలతో బిగిస్తారు. ఆపరేషన్ అంటే అంతేనని చాలామంది నమ్మకం. నిజానికి ఈ లోహం శ్లాబు కింద కట్టే సెంట్రింగ్ లాంటిది. పూసల మధ్య కొత్త ఎముక పెరిగి అతుక్కునే దాకా, అంటే కొన్ని నెలలపాటు, వెన్నును కదలకుండా నిలపడమే దాని పని. ఎముక అతక్కపోతే ఎంత ఖరీదైన మర అయినా వదులవుతుంది, లేదా విరుగుతుంది.

1911లో న్యూయార్క్‌లో ఫ్రెడ్ ఆల్బీ, రసెల్ హిబ్స్ వెన్ను క్షయ రోగులకు ఈ చికిత్స మొదలుపెట్టినప్పుడు మరలే లేవు. ఆల్బీ రోగి కాలి ఎముక నుంచే ముక్క తీసి వెన్నులో అమర్చాడు. నేటికీ తుంటి నుంచి తీసిన సొంత ఎముకే గీటురాయి. కాకపోతే మరో కోత, కొన్నాళ్లు నొప్పి తప్పవు.

ఆ బాధ తప్పించడానికే ప్రత్యామ్నాయాలు వచ్చాయి: కాల్షియం ఫాస్ఫేట్ గుళికలు, దాతల ఎముక నుంచి చేసిన పొడి, ఎముకను పెంచే ప్రొటీన్. ఈ ప్రొటీన్‌ను నడుము ఫ్యూజన్‌లో వాడటానికి అమెరికా 2002లో అనుమతిచ్చింది. మెడలో వాడితే ప్రాణాంతకమైన వాపు రావచ్చని 2008లో అక్కడి ఎఫ్‌డీఏ హెచ్చరించింది. కంపెనీ సొమ్ముతో సాగిన తొలి అధ్యయనాలు దుష్ప్రభావాలను తక్కువ చేసి చూపాయని 2011లో 'ద స్పైన్ జర్నల్' బయటపెట్టింది.

పూసలు ఎక్కువగా అతికించాల్సి వచ్చినా, సొంత ఎముక చాలకపోయినా ఇవి అక్కరకొస్తాయి. కానీ పడి నడుము విరగ్గొట్టుకున్న పాతికేళ్ల యువకుడికి సాధారణంగా సొంత ఎముకే చాలు. దానికి ధర లేదు. గుండె స్టెంట్లకు, మోకాలి ఇంప్లాంట్లకు 2017లో కేంద్రం గరిష్ఠ ధరలు నిర్ణయించింది. ఆ ఉత్తర్వుల్లో వెన్ను మరలు లేవు, ఎముక ప్రత్యామ్నాయాలూ లేవు. బీమా కార్డు పరిధి దాటిందంటే ఆ భారం మోయాల్సింది మంచం మోసుకొచ్చిన కుటుంబమే.

'సొంత ఎముక సరిపోదా డాక్టర్?' ఈ ఒక్క ప్రశ్నతో బిల్లు తగ్గవచ్చు. కానీ గోండీ, హల్బీ తప్ప మరో భాష రాని మనిషి ఆ ప్రశ్న అడగలేడు. అడగకముందే జవాబు చెప్పాల్సిన బాధ్యత కత్తి పట్టిన చేతిదే.