కాలింగ్ బెల్ మీద ఇంటిపేరు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఇల్లు అద్దెకు వెతికి చూడు అని కూడా అనలేదంటే, వాళ్ళెవరూ రేగెన్స్‌బుర్గ్ రాలేదన్నమాట.

మ్యూనిక్ నించి రైల్లో గంటన్నర దూరం ఈ ఊరు. క్రీ.శ. 179లో రోమన్లు డాన్యూబ్ నది ఒడ్డున కోట కట్టుకున్న చోటు. నది మీది రాతివంతెన 1135లో మొదలుపెట్టి 1146కల్లా పూర్తిచేశారు. రెండో ప్రపంచయుద్ధంలో చాలా జర్మన్ నగరాల్లా ఈ పాత ఊరు నేలమట్టం కాలేదు. అందుకే వందల ఏళ్ళనాటి ఇళ్ళు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చూసిపోయేవాళ్ళకి ఇదంతా అందమే. అద్దెకి దిగేవాడికి మాత్రం దీని అర్థం వేరు. పాత ఊళ్ళో కొత్తగా కట్టడానికి చోటు లేదు, ఉన్నదాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. యూనివర్సిటీ విద్యార్థులు, కార్ల ఫ్యాక్టరీ ఇంజనీర్లు, చిప్‌ల ఫ్యాక్టరీ ఇంజనీర్లు, మనలాంటి సాఫ్టువేరు వాళ్ళు, అందరూ ఆ కాసిని ఇళ్ళ చుట్టూనే తిరుగుతుంటారు.

నేను 2018 అక్టోబరులో దిగాను. అంటే సరిగ్గా విద్యార్థుల సెమిస్టరు మొదలయ్యే నెల. కంపెనీ ఒక నెలకి గది ఇచ్చి, ఆ తర్వాత మీ తిప్పలు మీవే అంది.

తిప్పలంటే ఏమిటో మన భాషలో చెప్పాలంటే డెడ్‌లాక్. ఇల్లు కావాలంటే మూడు నెలల జీతం రసీదులు చూపించాలి, షూఫా అనే సంస్థ నించి అప్పుల చరిత్ర తేవాలి. నిన్న దిగినవాడికి చరిత్ర ఎక్కడిది? జీతంలో పన్ను సరిగ్గా లెక్క కట్టాలంటే పదకొండు అంకెల టాక్స్ నంబరు కావాలి. ఆ నంబరు ఊరి ఆఫీసులో చిరునామా నమోదు చేసుకున్నాకే వస్తుంది. దీన్నే ఆన్‌మెల్డుంగ్ అంటారు, ఇంట్లో దిగిన రెండు వారాల్లో చేసుకోవాలి. దానికి 2015 నవంబరు నించీ ఇల్లిచ్చినవాళ్ళ సంతకంతో కాగితం తప్పనిసరి. అంటే తిరిగి తిరిగి మళ్ళీ ఇంటి దగ్గరికే వచ్చాం.

సాఫ్టువేరు వాడికి సమస్య వస్తే ఏం చేస్తాడు? ప్రోగ్రాం రాస్తాడు. నేనూ అదే చేశాను. అద్దె ఇళ్ళ సైటుని ఐదు నిమిషాలకోసారి చూసి, కొత్త ఇల్లు కనపడగానే నా తరఫున ఉత్తరం పంపే స్క్రిప్టు ఒక రాత్రి కూర్చుని రాసేశాను. వీధి పేరు తప్ప మిగతాదంతా ఒకటే ఉత్తరం. మూడు వారాల్లో ఎనభైకి పైగా పంపితే జవాబులు నాలుగొచ్చాయి. అందులో ఒకటి లండన్లో ఉన్నానని చెప్పుకునే ఓనరు నించి. డిపాజిట్ ముందు పంపితే తాళాలు కొరియర్లో పంపుతాడట. అటువంటి వాళ్ళకి ఎప్పుడూ డబ్బు పంపకండి. ఇల్లు చూడకుండా, ఒప్పందం చేతికి రాకుండా పైసా కదలకూడదు. చివరికి ఆ సైటు వాళ్ళు నా ఎకౌంటు మూసేశారు.

ఆఫీసులో పక్క సీటు జర్మన్ సహోద్యోగి నా ఉత్తరం చదివి నవ్వాడు. "ఇందులో నీ జీతం ఉంది, నీ వీసా ఉంది. నువ్వు లేవు," అన్నాడు. ఎవరు దిగుతారు, ఎంతమంది, ఏం పని చేస్తారు, ఎన్నేళ్ళుంటారు, సిగరెట్టు కాలుస్తారా, ఈ ఊరే ఎందుకు, ఇవన్నీ రాసి, చదివాక వాళ్ళకి ఫోన్ చేసి మాట్లాడమన్నాడు. నా జర్మన్ ఏడ్చినట్టుంటుంది. ఫరవాలేదు, ఏడుస్తూనే మాట్లాడమన్నాడు. అలా మాట్లాడిన ఐదో ఇంటి నించి చూడ్డానికి రమ్మన్నారు.

ఇల్లు పాత ఊళ్ళోనే ఒక సందులో. ఓనరు రిటైరైన టీచరు. ఆవిడ నా జీతం కాగితాలకేసి కూడా చూడలేదు. అడిగినవి రెండే ప్రశ్నలు. "ఎంతమంది ఉంటారు? చలికాలంలో కిటికీలు తీస్తారా?"

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పారు. అంతకు ముందున్నది కూడా ఒక భారతీయ ఇంజనీరు. ఒప్పందంలో ఒక్కడు, తర్వాత చూస్తే నలుగురు. చలికాలమంతా కిటికీలు మూసి వంటలు, స్నానాలు. వసంతం వచ్చేసరికి గోడల నిండా బూజు. వారసత్వ కట్టడం కాబట్టి బాగుచేయించడానికి కూడా అనుమతులు కావాలి.

నాకు రోషం వచ్చింది. ఎవడో చేసినదానికి నన్ను అడగడమేమిటి? నిజానికి ఆ రోషం న్యాయమైనదే. జాతిని బట్టి ఇల్లు ఇవ్వననడం తప్పని 2006 నించీ ఇక్కడ చట్టం ఉంది. మీకు స్పష్టంగా అలా జరిగితే అద్దెదారుల సంఘం ఉంది, అడిగే హక్కుంది, అడగండి. ఒకడి తప్పు జాతి మొత్తానికి పూయకూడదు. కానీ ఆవిడ నాకు ఇవ్వననలేదు, ప్రశ్న అడిగారు. ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఉండాలి కదా. రోజుకి రెండు మూడు సార్లు కిటికీలు పూర్తిగా తీసి ఐదు నిమిషాలు గాలి ఆడనిస్తానని చెప్పాను. ఇల్లు ఇచ్చారు.

దిగాక తెలిసిన సంగతులు కొన్ని. మూడు గదుల ఇల్లంటే మన లెక్కలో టూ బెడ్‌రూమ్, హాలు కూడా గదే, వంటిల్లు లెక్కలోకి రాదు. చాలా ఇళ్ళలో వంటింట్లో సింకు కూడా ఉండదు, మనమే కొనుక్కోవాలి. డిపాజిట్ మూడు నెలల అసలు అద్దె మించకూడదు, మూడు వాయిదాల్లో కట్టొచ్చు. ఏజెంటుని ఎవరు పెట్టుకుంటే ఫీజు వాళ్ళే ఇవ్వాలని 2015 జూన్ నించీ చట్టం. నా ఇంటి గోడలు రెండడుగుల మందం, హాల్లో పెట్టిన వైఫై పడగ్గదిలోకి చచ్చినా రాదు. గోడకి మేకు కొట్టాలన్నా అడగాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యమైంది కాలింగ్ బెల్. ఇక్కడ ఎక్కువ ఇళ్ళకి ఫ్లాట్ నంబర్లుండవు. పోస్ట్‌మాన్ బెల్ మీద, పోస్ట్‌డబ్బా మీద పేరు చూసి ఉత్తరం వేస్తాడు. పేరు లేకపోతే టాక్స్ నంబరు ఉత్తరం కూడా వెనక్కి పోతుంది. మన పేరు మొత్తం ఆ చిన్న చీటీలో పట్టదు కాబట్టి ఇంటిపేరు ఒక్కటే రాశాను. పాత చీటీ అంటుకుని ఉంటే గీకి తీశాను. అది కూడా తెలుగు ఇంటిపేరే.

అప్పటినించీ నా అభిప్రాయం ఇది. ఇల్లు వెతకడాన్ని మనం వేగంతో గెలవబోతాం. స్క్రిప్టులు, దొంగ కాగితాలు, ఒకడి పేరున నలుగురు. ఒకసారికి పని జరుగుతుంది. వెనకాల వచ్చే తెలుగువాడు మాత్రం ఆ రెండు ప్రశ్నలకి జవాబు చెప్పుకుంటూ ఉండాలి.

2020లో కొత్తగా వచ్చిన కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, మీ అడ్రస్ మీద ఆన్‌మెల్డుంగ్ చేయించుకుంటా, ఉండేది వేరే చోటే. కావాలంటే డబ్బిస్తా." నిజంగా దిగనివాడికి చిరునామా ఇస్తే యాభైవేల యూరోల వరకూ జరిమానా పడొచ్చు. కుదరదన్నాను. ఆ పూట నాకు అన్నం సహించలేదు, ఎందుకంటే రెండేళ్ళ క్రితం నేనూ అక్కడే ఉన్నాను. మర్నాడు ఓనరు గారిని అడిగాను. ఆవిడ కాగితం మీద ఒప్పుకున్నారు. కుర్రాడు నిజంగానే మా చిన్నగదిలో రెండు నెలలున్నాడు, కాగితం మీద నేనే సంతకం పెట్టాను. ఆన్‌మెల్డుంగ్ జరిగింది, జరిమానా లేదు, ఎవరికీ అబద్ధం చెప్పలేదు. కాస్త ఇరుకైంది, అంతే.

కంపెనీలకి కూడా ఒక మాట. వేల మైళ్ళ నించి మనిషిని రప్పించి, చిరునామా నమోదు కాని గదిలో నెల రోజులు పెట్టడం సాయం కాదు. నమోదు చేసుకోగలిగే ఇల్లు మూడు నెలలకి ఇప్పిస్తే ఆ డెడ్‌లాక్ అక్కడే విడిపోతుంది. ఉద్యోగానికి సంతకం పెట్టేముందే ఇది అడగండి, జీతం గురించి బేరమాడినంత గట్టిగా అడగండి.

2022లో ఆ ఇల్లు ఖాళీ చేశాను. మూడు నెలల ముందు నోటీసిచ్చి, గోడలకి రంగు వేయించి, మా ఆఫీసులో కొత్తగా చేరిన వరంగల్ దంపతుల్ని ఓనరు గారికి పరిచయం చేశాను. ఎంతమంది ఉంటారని మాత్రం అడిగారు. కిటికీల సంగతి అడగలేదు. వాళ్ళు దిగిన రోజు బెల్ మీద నా చీటీ నేనే తీసి, వాళ్ళ ఇంటిపేరు రాసి పెట్టాను.